విప్పని బ్యాగు, సర్దని పెట్టె: ఒక కేస్ స్టడీ

ఫిబ్రవరి రెండో వారంలో, నెల్లూరులోని మా కౌన్సెలింగ్ సెంటర్‌కి ఒక నర్సు వచ్చింది. వయసు 27. ఇంకో నెలన్నరలో ఉగాండా ప్రయాణం. ఒక అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ తరఫున ఏడాది పాటు అక్కడి జిల్లా ఆసుపత్రిలో వాలంటీరుగా ఉండి, కాన్పుల వార్డు నర్సులకు శిక్షణ ఇవ్వాలి. కూర్చోగానే ఆమె అన్న మొదటి మాట: "మేడం, నాకు డిప్రెషన్ వచ్చినట్టుంది. బర్త్‌డే ట్రిప్పుకి వెళ్లొచ్చినప్పటి నుంచీ ఇలాగే ఉంది."

పేరు, ఊరు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. రాసింది మొత్తం ఆమెకు పంపాను, చదివి సరేనన్నాకే ఇక్కడ పెడుతున్నాను. ఇంట్లో ఆమెను అందరూ "పాప" అంటారు. ఇరవయ్యేడేళ్లొచ్చినా పాపే. ఇక్కడ నేనూ అలాగే అంటాను.

కోవూరు దగ్గర పల్లె వాళ్లది. తండ్రి ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, బీపీ ఉంది. అమ్మ ఇంటిపట్టునే ఉంటుంది. అక్కకు పెళ్లయి హైదరాబాదులో ఉంది. పాప బీఎస్సీ నర్సింగ్ చదివి, ఐదేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రి లేబర్ వార్డులో పనిచేసింది.

మన జిల్లాలో విదేశం అనే మాటకు ఒక అర్థం స్థిరపడిపోయింది. గల్ఫ్‌కి పోతే డబ్బు పంపుతారు, అమెరికా పోతే స్థిరపడతారు. జీతం వదులుకుని, భోజనానికీ బసకూ సరిపడే భత్యం మీద ఆఫ్రికాకు పోవడం చుట్టాలెవరికీ అంతుపట్టలేదు. నిజానికి ఇది కొత్త సంగతేమీ కాదు. బ్రిటన్‌లో వీఎస్ఓ అనే సంస్థ 1958 నుంచీ ఇలా మనుషుల్ని పంపుతోంది. ఐక్యరాజ్యసమితి తన వాలంటీర్ల కార్యక్రమాన్ని 1970లో మొదలుపెట్టింది. కానీ ఇవన్నీ ఏకరువు పెట్టినా మేనత్తకు అర్థం కాదు. "అక్కడ జీతం ఇయ్యరంట గదా, మరెందుకు పోవడం?" అన్న ప్రశ్న, ఎంపికైన దగ్గర్నుంచీ ఆ మూడు నెలల్లో పాప ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. ప్రతిసారీ నవ్వి ఊరుకుందట.

ఇక ట్రిప్పు సంగతి. కాలేజీలో కలిసి చదివిన ముగ్గురు స్నేహితురాళ్లు పుట్టినరోజుకని శనివారం మధ్యాహ్నం కారులో మైపాడు తీసుకెళ్లారు. నెల్లూరు నుంచి దాదాపు 25 కిలోమీటర్లు, ఒక రాత్రి అక్కడే బస. చేపల వేపుడు, పాటలు, అలల్లో ఫొటోలు. రాత్రి పన్నెండుకు ఇసుకలో కేక్ పెట్టారు. గాలికి కొవ్వొత్తి నిలవకపోతే ఫోను టార్చి వేసి కోశారు. తర్వాత రూములో ల్యాప్‌టాప్ తెరిచి, ఫస్టియర్ నుంచి ఇప్పటిదాకా ఉన్న ఫొటోలతో చేసిన వీడియో చూపించారు.

"హ్యాపీ బర్త్‌డే అని మొదలై, హ్యాపీ జర్నీ పాపా అని అయిపోయింది మేడం. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టా. కానీ లోపల ఏమీ లేదు. ఎవరి వీడియోనో చూసినట్టుంది."

ఆ తర్వాత బయటికొచ్చి ఒంటరిగా ఒడ్డున నిలబడింది. చాలా సంతోషమేసింది, ఇంతమంది నాకున్నారు అనిపించింది. అంతలోనే కడుపులో దేవినట్టయింది. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంది. ఆ రోజు నుంచీ మూడింటికే మెలకువ.

ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అమ్మ మట్టిదాకలో చేపల పులుసు పెట్టి ఉంచింది. మామిడికాయ ముక్కలు వేసి, పాపకు ఇష్టమైనట్టుగా. అన్నంలో వేస్తూ, "ఇయ్యాల కొంచెమే తిను మే, రేపటికి ఇంకా బాగుంటది" అంది. నెల్లూరు ఇళ్లలో ప్రతి అమ్మా అనే మాటే అది. పులుసు మర్నాటికే ఊరుతుంది. పాప కంచం ముందు కూర్చుని ఏడ్చేసింది. ఎందుకేడుస్తున్నావంటే చెప్పలేకపోయింది. తండ్రి కంచం పట్టుకుని లేచి వరండాలోకి వెళ్లిపోయాడు.

"వాళ్లకు నా మీద కోపమొచ్చిందనుకున్నా" అంది నాతో.

ఇంకో విషయం, నేను అడిగితే చెప్పింది. ట్రిప్పుకు తీసుకెళ్లిన బ్యాగు ఇంకా విప్పలేదు. తడి చుడీదార్, ఇసుక నిండిన చెప్పులు, స్నేహితురాళ్లు ఇచ్చిన గిఫ్టు, అన్నీ అందులోనే ఉన్నాయి. దాని పక్కనే ఉగాండా ప్రయాణానికి కొన్న కొత్త పెట్టె, స్టిక్కర్ కూడా తీయకుండా. పది రోజులుగా అది విప్పలేదు, ఇది సర్దలేదు. వాటి మధ్యే పడుకుంటోంది. ఈ మాట చెప్తున్నప్పుడు ఆమె గొంతు మొదటిసారి వణికింది. నేను పుస్తకంలో ఆ రెండింటినీ గీసుకున్నాను.

మొదటి రోజు చేయాల్సిన పరీక్షలు చేశాను. డిప్రెషన్ లక్షణాలను కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో 27కి 8 వచ్చింది, అంటే తేలికపాటి లక్షణాలు. చనిపోవాలనే ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా. దాన్ని కాగితం మీద వదిలేయకుండా నోటితో కూడా అడిగాను, అలాంటి ఆలోచన లేదని సూటిగా చెప్పింది. ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 21కి 11, మధ్యస్థం. థైరాయిడ్ పరీక్ష నెల క్రితమే చేయించుకుంది, బాగుంది. నైట్ డ్యూటీల అలవాటు వల్ల రోజుకు ఐదారు కాఫీలు తాగుతోంది. మూడింటి మెలకువకు అదీ ఒక కారణం కావచ్చని మధ్యాహ్నం మూడు తర్వాత ఆపమన్నాను. డ్యూటీ ఎగ్గొట్టలేదు, స్నానం, తిండి సాగుతున్నాయి, వార్డులో ఉన్నంతసేపు మామూలుగానే ఉంటోంది. డిప్రెషన్ అని పేరు పెట్టడానికి తగిన ఆధారం నాకు కనిపించలేదు. అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్, అంటే జీవితంలో వచ్చిన మార్పుకు సర్దుకోలేక వచ్చే సమస్య, గురించి ఆలోచించాను. పనీ మనుషులతో మెలగడమూ పెద్దగా దెబ్బతినలేదు కాబట్టి ఆ పేరూ పెట్టలేదు. ఇద్దరం కలిసి ఒక మాట అనుకున్నాం: రెండు వారాల్లో స్కోరు పెరిగినా, తొమ్మిదో ప్రశ్నకు జవాబు మారినా వెంటనే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతాను. అర్ధరాత్రి ఎప్పుడైనా తట్టుకోలేనట్టనిపిస్తే ఫోను చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చాను.

రెండో సెషన్‌లో నేను చేసింది పొరపాటు. ఈ కేసు రాయడానికి అసలు కారణం కూడా అదే.

ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు వెళ్తే వచ్చే లాభాలు, రెండోవైపు నష్టాలు రాయమన్నాను. మేము చాలామందిమి అలవాటుగా చేసేదే. పాప చదువుకున్న పిల్ల, ముత్యాల్లాంటి అక్షరాలతో ఎడమవైపు ఏడు, కుడివైపు ఎనిమిది రాసింది. రాసి చూసుకుని, "అయితే వెళ్లకూడదేమో మేడం" అంది. ముఖం తెల్లబోయింది. ఆ రాత్రి అస్సలు నిద్రపోలేదు. మర్నాడు ఆ సంస్థకు రాలేనని మెయిల్ రాసి, పంపకుండా డ్రాఫ్టులో పెట్టుకుందట.

ఊగిసలాటలో ఉన్న మనిషి చేత ఇలా రెండు వైపులా తూకం వేయిస్తే నిర్ణయం గట్టిపడకపోగా సడలుతుందని విలియం మిల్లర్, గ్యారీ రోజ్ 2015లోనే రాశారు. మారడానికి కారణాలు మనిషి నోటితోనే చెప్పించే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతికి పునాది వేసినవాళ్లలో మిల్లర్ ఒకరు. ఆ పత్రం నేను చదివాను. అయినా చేశాను, ఎందుకంటే నా మనసులోనూ వాళ్ల మేనత్త ప్రశ్నే ఉంది: ఇంతకీ నీకు వెళ్లాలని ఉందా, లేదా? ఆమె ఆ ప్రశ్న తీసుకుని నా దగ్గరికి రాలేదు. నవంబరులో సెలక్షన్ లెటర్ వచ్చినప్పుడే వెళ్లాలని తేల్చుకుంది. ఆమెను తినేస్తున్నది వేరే: వెళ్లాలని అంత ఉన్నప్పుడు ఈ ఏడుపు ఎందుకొస్తోంది? ఏడుపొస్తోందంటే ఆ కోరిక నిజం కాదేమో?

మూడో సెషన్ మొదట్లోనే క్షమించమని అడిగాను. కాగితం పద్ధతి నీకు సరిపడేది కాదు, నేను తొందరపడ్డాను అని చెప్పాను. ఆమె తల ఊపింది. తర్వాత ఒక పరిశోధన గురించి చెప్పాను. 2001లో లార్సన్, మెక్‌గ్రా, కాసియోప్పో అనే ముగ్గురు, మనిషికి సంతోషం, విచారం ఒకేసారి కలుగుతాయా అని పరీక్షించారు. మామూలు రోజుల్లో ఆ రెండూ కలిసి రావడం అరుదు. కానీ హాస్టల్ ఖాళీ చేసే రోజున, పట్టా పుచ్చుకునే రోజున విద్యార్థులను అడిగితే, రెండూ ఒకేసారి ఉన్నాయని చెప్పినవాళ్లు బాగా పెరిగారు. పాప వెంటనే, "మాకు హాస్టల్ ఖాళీ చేసిన రోజు అట్టే ఉండింది మేడం. నవ్వుతా ఏడ్చాం. అప్పుడు ఎవరం డిప్రెషన్ అనుకోలేదు" అంది.

అప్పుడు అడిగాను: నీకు ఇలా ఉంటే అమ్మ ఏమంటోంది?

"పాప బెంగ పెట్టుకుంది అంటోంది."

అమ్మ మాట నా స్కోరు కంటే దగ్గరగా ఉంది. బెంగ సాధారణంగా ఊరు దాటాక పట్టుకుంటుంది. హాస్టల్లో వదిలిన పిల్లకు, అత్తారింటికి పోయిన కూతురికి. పాపకు ఊరు దాటకముందే వచ్చింది, ఎందుకంటే మైపాడులో ఆ వీడియో ఆమెను ముందే సాగనంపేసింది. అక్కడ పుట్టినరోజు పండగకు సంతోషించాలా, వీడ్కోలుకు ఏడవాలా తెలియక, ఏదీ చేయలేక చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి చేయలేని రెండు పనులూ కంచం ముందు ఒక్కసారిగా జరిగిపోయాయి. ఇది నా ఊహగా ఆమె ముందు పెట్టాను, ఒప్పుకోవాలని లేదన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. కళ్లు తుడుచుకుని, "అవును, నేనింకా పోలేదు గదా" అంది.

అక్కడి నుంచి మేము చేసింది చిన్న భాషాభ్యాసం. పాప ప్రతి వాక్యంలో "కానీ" వాడుతోంది. "వెళ్లాలని ఉంది, కానీ భయం." "నాన్నంటే ప్రాణం, కానీ ఇక్కడే ఉండలేను." ఆమె నోట్లో "కానీ" వచ్చిన ప్రతిసారీ ముందు చెప్పినది వెనక్కి పోతోంది. దాన్ని తీసేసి చెప్పమన్నాను. తెలుగులో ఇది సులువు, మాట చివర దీర్ఘం పలికితే చాలు. "వెళ్లాలనీ ఉంది, భయంగానూ ఉంది." "నాన్నా కావాలి, ఆ పనీ కావాలి." మొదట్లో బడిపిల్లలా అప్పజెప్పింది. నాలుగైదు చెప్పాక భుజాలు కిందికి దిగాయి. ఊపిరి మారడం ఎదురుగా కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది.

ఇంటికి పంపుతూ ఒక్క పనే ఇచ్చాను: బ్యాగు విప్పు. పెట్టె జోలికి ఇప్పుడే పోవద్దు.

తర్వాతి సెషన్‌కు వచ్చి ఆ సంగతి వివరంగా చెప్పింది. చుడీదార్ ముక్కవాసన కొట్టింది, రెండుసార్లు ఉతికింది. చెప్పులు పెరట్లో దులిపితే గుప్పెడు ఇసుక రాలింది. అందులో వేలిగోరంత గవ్వ. గిఫ్టు విప్పితే చిన్న గడియారం, నర్సులు యూనిఫాం మీద పిన్నుతో పెట్టుకునే రకం. వార్డులో పనికొచ్చేది. "వాళ్లు నేను వెళ్లాలనే కోరుకున్నారు మేడం" అంది. వీడియోలో కనపడనిది ఆ గడియారంలో కనపడింది ఆమెకు. స్నేహితురాళ్లకు ఫోను చేసి, ఆ రాత్రి తనకు ఎలా అనిపించిందో చెప్పింది. వాళ్లలో ఒకమ్మాయి తానూ బాత్‌రూములోకి పోయి ఏడ్చానంది.

ఇవన్నీ భావాల సంగతులు. కానీ ఆమె టెన్షన్‌లో సగం భావాలకు సంబంధించింది కాదని నాలుగో సెషన్‌కి నాకు అర్థమైంది. విదేశీ ప్రయాణం మీద వచ్చేవాళ్లతో పనిచేసే తోటి కౌన్సెలర్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు ఏం ఆలోచిస్తావు అని గుచ్చి అడిగితే బయటికొచ్చినవి: అక్కడ జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది? నాన్నకు ఏమైనా అయితే మధ్యలో రానిస్తారా, టికెట్ ఎవరిస్తారు? ఉండే ఇంటికి తాళం, నీళ్లు ఉంటాయా? గొడవైతే ఎవరికి చెప్పాలి? వీటికి కౌన్సెలింగ్‌లో జవాబు దొరకదు, ఒప్పందం కాగితంలో దొరుకుతుంది. ఆమె ఆ కాగితం మొదటి పేజీ దాటి చదవలేదు. ఇద్దరం కూర్చుని చదివాం. దొరకని వాటిని తొమ్మిది ప్రశ్నలుగా రాసి సంస్థకు పంపించింది. నాలుగు రోజుల్లో అన్నిటికీ రాతపూర్వకంగా జవాబులొచ్చాయి: ఆరోగ్య బీమా ఉంది, ఇంట్లో అత్యవసరమైతే వచ్చి పోవడానికి సెలవుంది, నెల ముందు చెప్పి మానుకునే వీలుంది. ఆ వారం జీఏడీ-7 స్కోరు 11 నుంచి 7కి దిగింది. నా మాటల వల్ల అంత దిగలేదు, ఆ మెయిల్ వల్ల దిగింది. సంస్థ జవాబివ్వకపోయినా, డబ్బు కట్టమని అడిగినా నేను ఆమెను ఆగమనే చెప్పేదాన్ని.

ఐదో సెషన్‌కు అమ్మానాన్నల్ని పిలిచాం. నాన్న కుర్చీ అంచున కూర్చుని, "మేం వద్దని ఎప్పుడన్నా అన్నామా?" అని మొదలుపెట్టాడు. నిజమే, అనలేదు. పొమ్మనీ అనలేదు. సంబంధాలు చూడటం ఆపేసి ఊరుకున్నారు. ఆ మౌనాన్ని పాప కోపమనుకుంది.

ఆరోజు కంచం పట్టుకుని వరండాలోకి ఎందుకెళ్లారని అడిగాను. ఆయన అమ్మ వైపు చూశాడు, కిందికి చూశాడు. "పిల్ల ముందు కళ్లనీళ్లు పెట్టుకుంటే ఇంకా ఏడస్తదని" అన్నాడు.

పాప లేచి వెళ్లి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. నేనేమీ మాట్లాడలేదు.

అప్పుడు అమ్మ, ఎవరూ అడగకుండానే, రొట్టెల పండగ సంగతి ఎత్తింది. నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం రెండు మాటలు: మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, విదేశీ రొట్టె, ఇలా కోరికను బట్టి. కోరిక తీరినవాళ్లు మరుసటేడు అదే రొట్టె తెచ్చి, ఆ కోరిక ఉన్నవాళ్లకు ఇస్తారు. హిందువులు, ముస్లింలు అనే తేడా లేదు.

"పోయినేడు నేను పెళ్లి రొట్టె పట్టుకుంటానని వాళ్ల నాన్న అనుకున్నాడు. నీళ్లలోకి దిగినాక, దాని మొహం గుర్తొచ్చింది. అప్పుడే అప్లై చేసి ఉండె. విదేశీ రొట్టె ఎవరు ఇస్తావుండారా అని అడిగి పట్టుకున్నా" అంది అమ్మ. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పాప అమ్మనే చూస్తూ ఉండిపోయింది. అమ్మను ఏడిపించి పోతున్నానన్న అపరాధభావం ఆమెలో నేను అనుకున్నదానికంటే చాలా లోతుగా ఉంది. నాలుగు సెషన్లలో నేను దాని అంచు వరకే వెళ్లగలిగాను. ఆ రోజు అది కదిలింది. అమ్మ వెంటనే, "అట్లని నాకు దిగులు లేదనుకోబాక. ఉండాది. ఉంటది" అంది. కూతురికి నేను మూడు వారాలు నేర్పింది ఆమె ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

మార్చి మొదటి వారంలో ఎల్లో ఫీవర్ టీకా కోసం తండ్రీకూతుళ్లు చెన్నై వెళ్లారు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ఉగాండాలో అడుగుపెట్టాలంటే ఆ సర్టిఫికెట్ కావాలి, టీకా వేసిన పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది కాబట్టి ముందే వేయించుకోవాలి. ఆయన తానే వస్తానన్నాడట. రైల్లో దాదాపు ఏమీ మాట్లాడుకోలేదు. తిరుగు ప్రయాణంలో గూడూరు దాటాక, "ఆ దేశంలో బియ్యం దొరుకుతాయా?" అని అడిగాడు. దొరుకుతాయని, వాళ్లు పచ్చి అరటికాయ ఉడికించి ముద్దచేసి ఎక్కువగా తింటారని ఫోనులో ఫొటోలు చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ఇదీ ట్రిప్పే మేడం, మైపాడు కంటే ఇదే నాకు బాగుంది అని చెప్పింది పాప.

ఆరో సెషన్ ప్రయాణానికి వారం ముందు. పీహెచ్‌క్యూ-9 స్కోరు 4, జీఏడీ-7 స్కోరు 6. నిద్ర వారంలో ఐదు రోజులు బాగుంది, రెండు రోజులు మూడింటికి మెలకువ. అది పోతుందని నేను చెప్పలేదు. పెట్టె సర్దడం మొదలుపెట్టింది. ఉగాండా మనకంటే రెండున్నర గంటలు వెనక. మన రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడ సాయంత్రం ఆరు. రోజూ ఫోను చేయాలని అమ్మ, వారానికి రెండుసార్లు చాలని పాప. ఎవరూ గెలవకుండా మూడుసార్లకు కుదిరింది. అక్కడికి వెళ్లాక మొదటి ఆరు వారాలు బెంగ ఎక్కువ కావచ్చని, అప్పుడు మళ్లీ "కానీ"లు మొదలవుతాయని, రెండు వారాలకు మించి తిండీ నిద్రా దెబ్బతింటే సంస్థ ఇచ్చిన కౌన్సెలర్‌కు చెప్పాలని రాసుకుంది. డ్రాఫ్టులో ఉన్న ఆ మెయిల్‌ను నా ముందే తీసేసింది. నేను అడగలేదు.

ఈ కేసులో నాకు తృప్తి లేనిది ఒకటుంది. తండ్రితో విడిగా ఒక్కసారైనా మాట్లాడాల్సింది. పిల్ల వెళ్లాక ఆయన బీపీ పెరిగి మందు మార్చాల్సి వచ్చిందని తర్వాత తెలిసింది. సాగనంపేవాళ్ల సంగతి కూడా చూడాలని అప్పటి నుంచి మొదటిసారి వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే నా ఇన్‌టేక్ ఫారంలో ఒక ప్రశ్న చేర్చాను: మీరు వెళ్లాక ఇంట్లో ఎక్కువ ఒంటరి అయ్యేది ఎవరు?

పాప వెళ్లిన రెండు నెలలకు వాయిస్ మెసేజ్ పెట్టింది. వార్డులో ఒక్క రాత్రిలో తొమ్మిది కాన్పులు, గడియారం బాగా పనికొస్తోంది, మూడో వారంలో రెండు రోజులు లేవలేకపోయింది, తర్వాత లేచింది.

మొహర్రం అయిన వారానికి అమ్మ ఒక్కతే మా సెంటర్‌కి వచ్చింది. సంచిలో రొట్టె ఉంది, నాకిద్దామని. స్వర్ణాల చెరువులో విదేశీ రొట్టె ఎవరికిచ్చిందో చెప్పింది. ఆత్మకూరు వైపు నుంచి కొడుకు కోసం వచ్చిన ఒకామె, ఆమె కూడా ఒంటరిగానే వచ్చిందట.

"నీళ్లలోనే నిలబడి అడిగా మేడం, పిల్లలు తిరిగొచ్చేదానికి రొట్టె ఉండాదా అని. అట్టాంటిది లేదంట. అందుకని ఆరోగ్యం రొట్టె పట్టుకున్నా" అని, సంచి ముడి విప్పింది.